బియ్యం డబ్బా దగ్గర దొరికిన 'ది'

దసరా సెలవులకి తెనాలి వెళ్లాం, అక్కవాళ్లు కూడా వచ్చారు. నేనింకా బ్యాగ్ కింద పెట్టకముందే మా అక్క తన కూతురి యూనిట్ టెస్ట్ పేపర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడో క్లాసు ఇంగ్లీషు. 'ఫిల్ ఇన్ ది బ్లాంక్స్ విత్ సూటబుల్ డిటర్మినర్స్' (అంటే నౌన్ ముందు వచ్చే ఎ, ది, మై, సమ్ లాంటి మాటలు) అని పది ఖాళీలు, పదికి మూడు. "నువ్వు రోజూ అమెరికావాళ్లతో మాట్లాడతావుగా, ఇదేంటో దీనికి కాస్త చెప్పవే" అంది. సరే అని పేపర్ తీసుకున్నాను గానీ లోపల మాత్రం గుబులు, ఎందుకంటే ఈ 'ఎ', 'యాన్', 'ది' అనేవి నేను పన్నెండేళ్లుగా పోపులో కరివేపాకు వేసినట్టు వేస్తున్నా, చేతికి ఎన్ని రెబ్బలొస్తే అన్ని.

ఆ కరివేపాకు వల్ల ఒకసారి తిట్లు తిన్న కథ ముందు చెప్పాలి. పాత ఆఫీసులో ఉన్నప్పుడు పేమెంట్ పేజీలో ఏడు ఇష్యూస్ ఉన్నాయి. రాత్రి పదకొండింటికి నాలుగు ఫిక్స్ చేసి, మిగతా మూడూ పొద్దున చూద్దాంలే అని క్లయింట్‌కి మెయిల్ కొట్టాను, "వి హావ్ ఫిక్స్‌డ్ ది ఇష్యూస్ ఇన్ ది పేమెంట్ పేజ్" అని. పొద్దున్నే లేచేసరికి వాళ్లు దాన్ని లైవ్‌లో పెట్టేశారు. మిగతా మూడు బగ్గులూ కస్టమర్ల మీద పడ్డాయి. కాల్‌లో వాళ్ల మేనేజర్ చాలా మర్యాదగా, అదే ఇంకా భయం వేసే సంగతి, "నువ్వు ది ఇష్యూస్ అని రాశావు కదా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. రాశాను, అయితే? ఫోన్ పెట్టేశాక మా టీమ్‌లో సీనియర్ ఒకాయన చెప్పారు, 'ఇష్యూస్' అంటే ఏవో కొన్ని, 'ది ఇష్యూస్' అంటే నీకూ నాకూ తెలిసిన ఆ ఏడూ, మొత్తం, అని. అంటే ఆ మెయిల్లో ఆ మూడక్షరాల ముక్క వేయకపోతే నేను నిజం చెప్పినట్టు, వేశాను కాబట్టి అబద్ధం చెప్పినట్టు! అప్పటిదాకా 'ది' అంటే ఏదో మర్యాద కోసం పెట్టే మాట, మనం పేర్ల ముందు శ్రీ పెట్టినట్టు, అనుకునేదాన్ని నేను.

ఇంత తిన్నా కూడా ఆ పిల్లకి ఎలా చెప్పాలో తెలీలేదు. నేను మొదలెట్టబోతే దానికి రూల్స్ అన్నీ నాకంటే బాగా వచ్చు. "ప్రపంచంలో ఒక్కటే ఉన్నవాటికి ది పెట్టాలి పిన్నీ, ది సన్, ది మూన్, ది ఎర్త్" అని గడగడా అప్పజెప్పేసి, "మరి అమ్మ కూడా ఒక్కతే కదా, ది అమ్మ అనాలా" అంది. నదులకి ది పెట్టాలి, ది గోదావరి, ది కృష్ణా, కానీ కొల్లేరు లేక్‌కి వద్దు, బే ఆఫ్ బెంగాల్‌కి కావాలి, ఊళ్లకి వద్దు. ఇవన్నీ బట్టీయం, బట్టీ పట్టాల్సిందే, అందులో పెద్ద లాజిక్ వెతక్కండి. అసలు బాధ అది కాదు. మామూలు వాక్యంలో, పుస్తకం, బస్సు, కుక్క, ఇలాంటి మామూలు నౌన్ వచ్చినప్పుడు ఏం పెట్టాలి అనేది. "మన తెలుగులో ఇవి లేవు కదమ్మా, అందుకే కష్టం" అనేశాను నేను కూడా, మాకు స్కూల్లో సార్ ఏం చెప్పారో అదే.

అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. "ఒసేయ్ బుజ్జీ, డబ్బాలో బియ్యం ఉన్నాయా చూడు." ఇది వెళ్లి మూత తీసి చూసి లేవు అమ్మమ్మా అంది. బావగారు కొట్టుకెళ్లి బస్తా తెచ్చారు. కాసేపటికి మళ్లీ కేక, ఈసారి అక్కకి: "బియ్యం డబ్బాలో ఉన్నాయా, సంచిలోనే ఉన్నాయా?"

చూడండి ఆ రెండు వాక్యాలూ. డబ్బాలో బియ్యం ఉన్నాయా. బియ్యం డబ్బాలో ఉన్నాయా. అవే మూడు మాటలు. మొదటిదాంట్లో అసలు బియ్యం అనేవి ఇంట్లో ఉన్నాయో లేదో అమ్మకి తెలీదు. రెండోదాంట్లో ఏ బియ్యమో అమ్మకీ తెలుసు, అక్కకీ తెలుసు, ఇందాక బావగారు తెచ్చినవి, అవి ఎక్కడున్నాయి అనేదే ప్రశ్న. ఇంగ్లీషులో అయితే మొదటిది 'ఈజ్ దేర్ ఎనీ రైస్', రెండోది 'ఈజ్ ది రైస్'. మా అమ్మ ఐదో క్లాసు చదివింది, ఆవిడ నోట్లో 'ది' తప్పకుండా పలుకుతోంది, కాకపోతే అది మాటలా కాదు, మాటల వరుసలా! నేను పేపర్ పక్కన పడేసి పిల్లని పిలిచి, బల్ల మీద పుస్తకం ఉంది, పుస్తకం బల్ల మీద ఉంది, ఈ రెంటికీ తేడా ఏంటే అని అడిగా. అది ఒక్క సెకను ఆలోచించి "రెండోదైతే ఏ పుస్తకమో నాకు ముందే తెలుసు పిన్నీ" అంది. అంతే. పదికి మూడొచ్చిన పిల్ల.

ఇంకోటి కూడా ఉంది, 'ని'. చీర కొన్నాను అంటే ఏదో ఒక చీర. చీరని ఇస్త్రీకి ఇచ్చాను అంటే నువ్వు అడుగుతున్న ఆ చీర. మనుషులకీ జంతువులకీ అయితే ఎలాగూ 'ని' పెట్టాల్సిందే కాబట్టి అక్కడ ఈ తేడా తెలీదు, వస్తువుల దగ్గర మాత్రం బాగా కనపడుతుంది.

అసలు 'ది' ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. పాత ఇంగ్లీషులో 'దట్'తో కలిసి పుట్టిన మాట అది, అంటే మన 'ఆ'. 'ఎ', 'యాన్' అనేవి 'వన్' అరిగిపోగా మిగిలిన ముక్కలు, అంటే మన 'ఒక'. ఫ్రెంచ్‌వాళ్లది కూడా ఇదే కథ, లాటిన్‌లో ఆర్టికల్సే లేవు, అందులో 'ఆ' అనే మాట అరిగి వీళ్లకి 'ల', 'లా' అయ్యాయి. అంటే ఎవరూ ఆకాశంలోంచి తెచ్చుకోలేదు, 'ఆ', 'ఒక' అనేవాటిని తెగ వాడి వాడి అరగదీశారు, మనం అంత అరగదీయలేదు. అంతే తేడా. మనకేమో చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఆ, ఈ, ఏ మూడింటినీ కలిపి త్రికము అని ముద్దుగా పేరు పెట్టి కూర్చోబెట్టాడు, ఆ కాలము అక్కాలము అవుతుందని సంధి కూడా చెప్పాడు, టెన్త్‌లో రెండు మార్కులకి రాసిన గుర్తు. ఇంగ్లీషు టీచరు డిటర్మినర్స్ చెప్పేటప్పుడు పక్క పీరియడ్‌లో తెలుగు టీచరు చెప్పిన త్రికం గుర్తు చేస్తే సగం పని అయిపోతుంది కదా, ఎందుకు చెయ్యరో మరి.

చిన్నప్పటి కథే తీసుకోండి. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ఒక, రెండోసారి ఆ. వినేవాడికి పరిచయం చేసేటప్పుడు 'ఎ', పరిచయం అయ్యాక 'ది'. మూడేళ్ల పిల్లలు కూడా "అనగనగా ఆ రాజు" అని మొదలెడితే ఏ రాజు అని అడుగుతారు. ఆ ఏ రాజు అనే ప్రశ్నే మొత్తం గ్రామర్. నౌన్ ముందు 'ది' పెట్టేముందు వినేవాడు "ఏది?" అంటాడా అనడా అని ఒక్కసారి అనుకోవాలి. అనడు అనుకుంటే పెట్టు. అంటాడు అనుకుంటే వద్దు. నా మెయిల్ చదివిన మేనేజర్ "ఏ ఇష్యూస్?" అని అడగలేదు చూశారా, ఆయన దగ్గర లిస్ట్ ఉంది.

ఇంత గొడవ దేనికి, వదిలేస్తే పోలా అంటారా. 1960లలో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు (మన సీపీ బ్రౌన్ కాదు లెండి) రకరకాల రచనల్లోంచి పది లక్షల మాటలు పోగేసి లెక్కపెడితే అందులో దాదాపు 70 వేలు 'ది'లే. నూటికి ఏడు. అన్నంలో ఉప్పు ఇంత పడితే తినగలమా! వదిలేసినా అర్థమవుతుంది, అది నిజమే, టెలిగ్రామ్ రోజుల్లో మాటకింత అని డబ్బులు కాబట్టి "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని పంపేవాళ్లు, చదివి రైలెక్కేసేవాళ్లు, ఏ మదర్ అని ఎవరూ అడగలేదు. కానీ 2013లో ఆ టెలిగ్రామే మూసేశారు, ఇప్పుడు మాటకి డబ్బులు తీసుకునేవాళ్లు లేరు, రాయాల్సిందే.

సరే, మా పిల్లకి తర్వాత చెప్పింది సీటు సంగతి. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం కదా, ఇంగ్లీషు నౌన్ ముందు అలాంటి సీటు ఒక్కటే ఉంటుంది. ఎ, ది, దిస్, దట్, మై, యువర్, ఎవ్రీ, సమ్, ఎనీ, నో, వీటిల్లో ఎవరు ముందు కర్చీఫ్ వేస్తే వాళ్లదే, ఇంకోళ్లు కూర్చోడానికి లేదు. మనకి ఆ ఇబ్బంది లేదు, 'మా ఆ పాత ఇల్లు', 'నీ ఈ అలవాటు' అని ఇద్దర్నీ సర్దుకుని కూర్చోమంటాం. అందుకే మనవాళ్లు 'మై దిస్ ప్రాబ్లమ్' అంటారు, 'ఎ మై ఫ్రెండ్' అంటారు. అక్కడైతే ఒకళ్లు లేచి వెనక సీట్లోకి పోవాలి, 'దిస్ ప్రాబ్లమ్ ఆఫ్ మైన్', 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్' అని. ఆల్, బోత్, హాఫ్ అనేవి ఫుట్‌బోర్డు బ్యాచ్, సీటుకి ముందే నిలబడతాయి, 'ఆల్ మై బుక్స్', 'బోత్ ది గర్ల్స్'. టూ, త్రీ లాంటి అంకెలు సీటు వెనక, 'మై టూ సిస్టర్స్'. అంతే.

దీంట్లోనే ఇంకో మాట, ఒక్క రూలే గుర్తుంచుకుంటాను అనేవాళ్లకి ఇదొక్కటి చాలు: లెక్కపెట్టగలిగే వస్తువు ఒంటరిగా ఉంటే ఆ సీటు ఖాళీగా ఉంచకూడదు. ఐ హావ్ డౌట్, మై హస్బెండ్ ఈజ్ ఇంజినీర్, దేర్ ఈజ్ ప్రాబ్లమ్, ఇవన్నీ ఖాళీ సీట్లే. ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టండి. ఇందులో మన తప్పు కూడా లేదు, తెలుగులో 'ఆయన డాక్టరు' అంటే చక్కగా సరిపోతుంది, 'ఆయన ఒక డాక్టరు' అంటేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉండేది. ఇప్పుడు టీవీల్లో 'ఇది ఒక శుభ పరిణామం', 'అతను ఒక మంచి వ్యక్తి' అని ఇంగ్లీషు 'ఎ'ని తెచ్చి తెలుగులో పోస్తున్నారు, ఇంగ్లీషులో వేయాల్సిన చోట వేయరు, తెలుగులో అక్కర్లేని చోట వేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పేపర్‌లో పిల్ల చేసిన ఇంకో తప్పు 'హౌ మెనీ మిల్క్'. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి 'మచ్' అని రాసింది. పిల్ల రాసిందానికి కారణం ఉంది. మనకి కూడా ఈ మచ్, మెనీ తేడా ఉంది, ఎంత, ఎన్ని. కొంత, కొన్ని. అంత, అన్ని. ఇంగ్లీషు కంటే మనమే ఒకడుగు ముందు, మనుషులకైతే ఎంతమంది అని వేరే పెట్టుకున్నాం. కాకపోతే ఏ వస్తువు ఏ గుంపులో ఉంది అనేదాంట్లో రెండు భాషలకీ పడదు. మనకి పాలు, నీళ్లు బహువచనం. పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి. మా ఇంట్లో "ఎన్ని పాలు పొయ్యమంటావు" అంటాం, బియ్యం కూడా 'ఉన్నాయి' అంటాం. మరి అలా పెరిగిన పిల్ల మెనీ అనకుండా ఏమంటుంది? సలహాలు ఇస్తాం కాబట్టి అడ్వైసెస్, సామాన్లు సర్దుతాం కాబట్టి లగేజెస్. ఇంగ్లీషువాడికి అడ్వైస్ అనేది పిండి లాంటిది, లెక్కపెట్టాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అని ముక్క కోయాలి. ఇదేంటి పిన్నీ సలహాకి ముక్కలేంటి అని నవ్వింది గానీ, "వస్తున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా" అని వాళ్లమ్మమ్మ పొద్దున్నే నన్ను తిట్టింది, మనకీ మాటలు ముక్కల్లెక్కే.

అన్నీ తెలుగు మీద తోసేయడానికి కూడా లేదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అంటారు చాలామంది, నేనూ అనేదాన్ని, తెలుగులో అయితే 'నా ఫ్రెండ్స్‌లో ఒకళ్లు' అని ఫ్రెండ్స్ బహువచనంలోనే ఉంటారు. తెలుగులో ఆలోచించి అన్నా కరెక్టే వచ్చేది, వన్ అనగానే తొందరపడి ఎస్ మింగేస్తాం. 'టెన్ రుపీస్ నోట్' మాత్రం పక్కా తెలుగే, పది రూపాయల నోటు.

ఎ, యాన్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే, అక్షరం కాదు శబ్దం. మన పోలీస్ స్టేషన్‌తో గుర్తుపెట్టుకోవచ్చు, ఎస్సై అయితే యాన్, సీఐ అయితే ఎ. ఎల్‌కేజీకి యాన్, యూకేజీకి ఎ. ఓటీపీకి యాన్, యూపీఐకి ఎ. చిక్కు ఎక్కడొస్తుందంటే మన నోటికి మాట ముందు అచ్చు వస్తే దానికి యకారమో వకారమో తగిలించే అలవాటు, యాపిల్, యెగ్, వొక. యెగ్ అనేవాడికి 'ఎ యెగ్' అంటేనే కదా నోటికి హాయి, 'యాన్' ఎందుకు గుర్తొస్తుంది! హెచ్ కూడా అంతే, మనం హెచ్‌వన్‌బీ అంటాం కాబట్టి 'ఎ', అమెరికావాడు ఎయిచ్ అంటాడు కాబట్టి 'యాన్', ఇద్దరూ రైటే.

ఆ 'యాన్'లో న ఇంగ్లీషువాళ్లనే బాగా తికమక పెట్టింది. ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. 'ఎ నేప్రన్' అని గబగబా అంటూ అంటూ న పక్కకి జారి 'యాన్ ఏప్రన్' అయి కూర్చుంది. నిక్‌నేమ్‌ది రివర్సు, 'యాన్ ఎక్‌నేమ్' లోంచి న దొంగతనం చేసి తెచ్చుకుంది. ఆరెంజ్‌కి కూడా మొదట్లో న ఉండేది, అది ఇంగ్లీషుకి రాకముందే అటు ఇటలీ ఫ్రాన్స్ దారిలో ఎక్కడో రాలిపోయింది. మన నారింజలో మాత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది.

అన్నిటికంటే నాకు నచ్చింది చివరికి చెప్తున్నా. ఫ్యూ, ఎ ఫ్యూ. పేపర్‌లో ఇది కూడా తప్పే. 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే పెద్దగా ఎవరూ రాలేదని ఏడుపు, 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే పర్లేదు కొందరొచ్చారని. ఒక్క 'ఎ'తో ఏడుపు పోయి సర్దుబాటు వస్తుంది. ఇది పిల్లకి ఎలా చెప్పాలా అని నేను తలగోక్కుంటుంటే అక్క పక్కింటి సీమంతం గురించి అమ్మకి చెప్తోంది, "కొద్దిమందే వచ్చారమ్మా, పాపం అన్ని టిఫిన్లు చేయించారు". కొద్దిమందే! ఆ చివర 'ఏ' చూడండి. కొద్దిమంది వచ్చారు అంటే ఎ ఫ్యూ, కొద్దిమందే వచ్చారు అంటే ఫ్యూ. కొంచెం పాలున్నాయి, ఎ లిటిల్, కాఫీ పెట్టుకోవచ్చు. కొంచెమే ఉన్నాయి, లిటిల్, నీకు లేదు ఫో. వాళ్లు ముందు 'ఎ' పెట్టి ఊరట తెచ్చుకుంటారు, మనం వెనక 'ఏ' పెట్టి నిట్టూరుస్తాం. తిరగేసినట్టు. పిల్లకి ఇది భలే నచ్చింది, ఆ సాయంత్రమంతా ఇంట్లో కనపడినవాటన్నిటికీ ఏ తగిలించుకుంటూ తిరిగింది, "జంతికలు రెండే ఉన్నాయి అమ్మమ్మా, ఫ్యూ జంతికలు" అని, డబ్బాలో ఓ పాతిక ఉన్నాయి.

వెళ్లేముందు నేనే పది ఖాళీలతో ఒక పేపర్ రాసిచ్చాను. ఏడొచ్చాయి. పోయిన మూడింట్లో ఒకటి 'ఐ గో టు ఆఫీస్'. అది సీటు ఖాళీగా వదిలేస్తే నేను ది పెట్టాలన్నాను, "మరి గో టు స్కూల్‌కి వద్దంటావు, గో టు వర్క్‌కి వద్దంటావు, ఆఫీస్ ఏం పాపం చేసింది" అంది, నా దగ్గర జవాబు లేదు, ఇంగ్లీషువాడి దగ్గరా లేదనుకుంటా, అలవాటు. ఆస్పత్రి గురించి అయితే వాళ్లలో వాళ్లకే పడదు, పేషెంట్‌గా చేరితే ఇంగ్లండువాడు 'ఇన్ హాస్పిటల్' అంటాడు, అమెరికావాడు 'ఇన్ ది హాస్పిటల్' అంటాడు.

నిన్న రాత్రి వాళ్లమ్మ ఫోన్లోంచి మెసేజ్ పెట్టింది. టెస్ట్‌లో పదికి ఎనిమిదట, కింద ఇంగ్లీషులో 'మేడమ్ గేవ్ మీ ది చాక్లెట్' అని. నేను వెంటనే పెద్ద పండితురాల్లా "ఏ చాక్లెటే?" అని పెట్టాను.

"అదే పిన్నీ, ఎనిమిది దాటితే ఇస్తానన్నారని ఆదివారం ఫోన్లో చెప్పాగా."

చెప్పింది. నేనే మర్చిపోయాను.